ఇనుములో కాగితమంత సందు

వైండింగ్ పని నేర్చుకుంటున్న పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "అమ్మా, మీ సర్వీసు మొత్తంలో మీరు చేసిన పెద్ద పని ఏదండీ?" అని అడుగుతారు. ఏ చక్కెర ఫ్యాక్టరీ మోటారు గురించో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివీ చేశాను. లారీ మీద నుంచి దించడానికి క్రేను తెప్పించాల్సి వచ్చిన మోటార్లు కూడా ఈ చేతుల మీదుగా వెళ్లాయి. కానీ నేను చెప్పేది అరచేతిలో పట్టే రెండు ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి. అందులోనూ వాటిని నేను పాడుచేసిన సంగతి. పిల్లల మొహాలు ముందు కాస్త చిన్నబోతాయి. అయినా చెబుతాను, ఎందుకంటే నా పనిని చూసి నేనే నోరెళ్లబెట్టిన రోజు అదొక్కటే.

ఆటోనగర్‌లో ఒక రీవైండింగ్ షెడ్డులో నేను ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. చేల మోటార్లు, రైసు మిల్లుల మోటార్లు, రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే యంత్రాల మోటార్లు, అన్నీ కాలిపోయి మా దగ్గరికి వచ్చేవి. మాడిన తీగ లాగేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి, ఓవెన్‌లో కాల్చి పంపేవాళ్లం. మా పనిలో మెచ్చుకోలు అంటూ ఏమీ ఉండదు. మోటారు చప్పుడు చెయ్యకుండా తిరిగితే మనం బాగా చేసినట్టు. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటే మనకి పని రానట్టు. ఆ గుయ్యిమనడానికి మొదటి కారణం లోపలి ఇనప రేకుల మధ్య సందు. అందుకని రేకులు కూర్చేటప్పుడు ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి దూర్చి, సుత్తితో తట్టి తట్టి, వెంట్రుక కూడా దూరకుండా బిగించాలి. నాకు పని నేర్పినాయన మొదటి రోజు చెప్పిన మాట అది. సందు కనపడితే సుత్తి నా మీదికే విసిరేవాడు. ఆ భయం నాలో అలాగే ఉండిపోయింది, పైగా కొన్నాళ్లకి అది గర్వంగా మారింది.

మా షెడ్డులో టెస్టింగ్ బెంచి మీద ఒకాయన ఉండేవారు. నాకన్నా రెండేళ్లు పెద్ద. నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవారు. ఇరవై ఏళ్లు పక్క పక్క బెంచీల మీద పనిచేశాం. తయారైన మోటారుని ఆయన పరీక్షించే పద్ధతి చూసి తీరాలి. మీటర్లన్నీ చూశాక, పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని దాని కొన మోటారు బేరింగ్ మీద ఆనించి, పిడి కుడిచెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవారు. షెడ్డంతా సుత్తులు మోగుతున్నా సరే, ఆ బేరింగ్‌లో ఏ గుండు అరిగిందో ఆయనకి తెలిసిపోయేది. మీటరు తప్పు చెప్పిన రోజులున్నాయి కానీ ఆయన తప్పు చెప్పిన రోజు లేదు.

అలాంటి మనిషి ఓకే చేసి పంపిన మోటారు ఒకటి వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. బేరింగ్ పోయింది. నెల తిరిగేలోగా ఇంకొకటి. మా ఓనరుగారు నెపం బేరింగ్ కంపెనీ మీదికి నెట్టేశారు. అన్నయ్యగారు మాత్రం ఆ రెండో మోటారు పక్కన చాలాసేపు కూర్చున్నారు. స్క్రూడ్రైవర్ పిడిని ఒకసారి కుడిచెవికి, ఒకసారి ఎడమచెవికి మార్చి మార్చి పెట్టుకోవడం నేను నా బెంచి మీద నుంచి చూశాను. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లారు.

కుడిచెవి నరం మీద చిన్న కాయ, కణితి లాంటిది, పెరుగుతోందట. ప్రాణానికి ఇప్పుడప్పుడే భయం లేదు, అలాగని వదిలేస్తే మాత్రం ప్రమాదం. ఆపరేషన్ చేసి తీసేస్తే మనిషి బాగుంటాడు, ఆ చెవి మాత్రం పోతుంది. నెలన్నర తర్వాత తేదీ ఇచ్చారు. ఈ సంగతి ఆయన మధ్యాహ్నం క్యారియర్ విప్పుతూ, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా చెప్పారు.

"చెల్లెమ్మా, నాకు రెండు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టి పెట్టాలి" అన్నారు వెంటనే.

ఆయనకి వాల్వు యాంప్లిఫయర్ల పిచ్చి ఉందని షెడ్డులో అందరికీ తెలుసు. పాత రేడియోల్లో గాజు బుడ్లలా వెలిగేవే, ఆ వాల్వులు. ఇరవై ఏళ్లుగా పాత సామాన్ల కొట్లలో ఒక్కొక్క వాల్వే ఏరుకొచ్చి బిస్కెట్ డబ్బాలో దూది మధ్య దాచారు. రిటైరయ్యాక తీరిగ్గా ఒక స్టీరియో యాంప్లిఫయర్ కడతానని అంటుండేవారు. రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది.

"ఇప్పుడెందుకండీ ఆ తిప్పలు? ఫోన్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి" అన్నాను. నాకు మాట తీరు తెలీదని మా ఇంట్లో ఊరికే అనరు.

ఆయన కోప్పడలేదు. "అది తలకాయ లోపల వినపడుద్ది చెల్లెమ్మా. నాకు ఎదురుగా వినపడాలి. ఎడమపక్క మృదంగం, కుడిపక్క వయొలిన్, మధ్యలో పాడేమనిషి. మనూళ్లో సభకెళ్లి ముందు వరసలో కూర్చున్నట్టుండాలి. దానికి రెండు చెవులూ కావాలి. నాకు రెండూ ఉండేది ఇంక నెలన్నరే. నా చేత్తో కట్టినదాన్ని ఒక్కసారన్నా వినాలి."

చుడతానన్నాను.

వాల్వు నుంచి వచ్చే కరెంటు నేరుగా స్పీకరుకి ఇవ్వడానికి కుదరదు. మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. స్టీరియో కాబట్టి కుడికొకటి, ఎడమకొకటి. తీగ తలవెంట్రుకంత సన్నం. ఒక్కోదానికి మూడువేల చుట్లు, మధ్య మధ్య పొరల్లో లావు తీగ. గట్టిగా ఊపిరి వదిలితే తెగిపోయేట్టుంది. పొద్దున్న షెడ్డు తెరవకముందు గంట, భోజనాల వేళ అరగంట, చేతి మిషను మీద కూర్చుని చుట్టాను. ఓనరుగారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. మూడోసారి తన గదిలో ఫ్యాను తెచ్చి నా వైపు తిప్పి పెట్టారు. ఆ గాలికి తీగ ఊగుతోందని, ఆయన అటు వెళ్లగానే ఆపేశాను.

చుట్టడం అయ్యాక రేకులు కూర్చడం. అన్నయ్యగారు తన చేత్తో గీసిచ్చిన బొమ్మ చూశాను. రేకులు నేను కూర్చే పద్ధతిలో లేవు. ఇంగ్లీషు E ఆకారపు రేకులన్నీ ఒకపక్క, I ఆకారపువన్నీ ఇంకోపక్క, రెంటి మధ్యా ఒక గీత. గీత పక్కన "పేపరు" అని రాసుంది. ఇనుముకీ ఇనుముకీ మధ్య కాగితం పెట్టి కావాలని సందు వదలడమన్నమాట. నాకు ఒళ్లు మండింది. ఈ బొమ్మ మొదట గీసినవాడెవడోగానీ వాడికి పని రాదు, రేకులు సరిగ్గా కూర్చడం చేతకాక కాగితం అడ్డం పెట్టాడు అనుకున్నాను. పాపం అన్నయ్యగారికి ఇవేం తెలుస్తాయి, టెస్టింగ్ మనిషి కదా, ఎక్కడో చూసి గీసుంటారు.

ఒక్క మాట అడిగితే పోయేది. పక్క బెంచీయే. అడగలేదు. ఆయనకి నేను చేసిపెట్టే ఆఖరి పని అయిపోతుందేమోనని మనసులో ఉంది, అందుకని బొమ్మలో ఉన్నదానికన్నా మంచిగా చేసి ఇవ్వాలనుకున్నాను. కాగితం తీసి పక్కన పెట్టి, రేకులన్నీ అటొకటి ఇటొకటి దూర్చి, వెంట్రుక దూరకుండా బిగించాను. పైగా వార్నిష్‌లో ముంచి ఓవెన్‌లో కాల్చాను. బయటికి తీసి బల్లకేసి తడితే రాయిలా మోగింది. ఇంత చక్కటి పని ఈ జన్మలో చెయ్యలేదనుకున్నాను.

భవానీపురంలో వాళ్లిల్లు. ఆస్పత్రిలో చేరడానికి ఎనిమిది రోజులుందనగా, ఒక ఆదివారం పొద్దున పిలిచారు. హాల్లో రెండు స్పీకరు పెట్టెలు, వాటికి ఎదురుగా కొలిచి వేసిన ఒక కుర్చీ. కొండపల్లిలో బొమ్మలు చెక్కే బంధువు చేసిచ్చిన టేకు పలక మీద యాంప్లిఫయర్, దానిమీద నా ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ నల్లగా మెరుస్తూ. స్విచ్ వేశారు. ముందు ఏమీ లేదు. తర్వాత గాజు లోపల ఎక్కడో ఒక చుక్క ఎర్రబడి, మెల్లిగా పైకి పాకి, ఆరు వాల్వులూ పొయ్యిలో నిప్పుల్లా వెలిగాయి. నాకు తెలీకుండానే చేతులు జోడించాను. వదినగారు నవ్వారు.

పాట కూడా వచ్చింది. నాకు బాగానే ఉందనిపించింది. వదినగారూ "బావుందండీ" అన్నారు. కుర్చీలో కూర్చున్న మనిషి మాత్రం మెడ అటూ ఇటూ తిప్పుతున్నారు.

"మృదంగం పొట్ట లేదు చెల్లెమ్మా" అన్నారు. "పైన చర్మం చప్పుడొస్తంది, కింద గుమగుమ రావట్లా. రేకు డబ్బా మీద కొట్టినట్టుంది. మీకలా లేదా?"

మా ఇద్దరికీ లేదు. ఇంతకుముందు ఎప్పుడన్నా వింటే కదా పోల్చి చెప్పడానికి.

ఆ వారమంతా ఆయన సెలవు పెట్టి దానితోనే ఉన్నారు. ప్రతి అతుకూ మళ్లీ అతికారు. ప్రతి వోల్టేజీ మళ్లీ కొలిచారు. వాల్వులు అటువి ఇటు మార్చారు. గురువారం పనయ్యాక నేను వెళ్లేసరికి యాంప్లిఫయర్ మీద తువ్వాలు కప్పి ఉంది.

"అన్నీ చూశా. దాన్లో తప్పేం లేదు" అన్నారు. "నా చెవే చెల్లెమ్మా. అప్పుడే పోయినట్టుంది. నెలన్నర ఉందనుకున్నా, లేదు."

"ట్రాన్స్‌ఫార్మర్లు చూశారా అన్నయ్యగారూ?"

"మీ చేతి పనిని నేను చూసేదేంటమ్మా" అన్నారు.

ఆ మాటకి లోపల పొంగిపోయాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. ఆ పూట కాఫీ తాగి, ధైర్యం చెప్పి ఇంటికొచ్చేశాను.

శనివారం పొద్దున్న షెడ్డులో పాత ట్యూబులైటు చోకులు కుప్పపోసి ఉన్నాయి, రాగి తీయడానికి. సోమవారం ఆయన ఆస్పత్రిలో చేరాలి. నేను మనసు బాగోక, చేతికి ఏదో ఒక పని కావాలని ఒక చోకు తీసుకుని పగలగొట్టాను. లోపలి ఇనుము రెండు ముక్కలుగా విడిపోయింది. మధ్యలోంచి చిన్న కాగితం ముక్క జారి ఒళ్లో పడింది.

ప్రతి చోకులోనూ ఆ కాగితం ఉంటుంది. అలాంటివి ఎన్ని వందలు పగలగొట్టి ఉంటాను, ఎన్ని కాగితాలు ఊడ్చి పారేసి ఉంటాను! ఎందుకుందని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఆ కాగితాన్ని పట్టుకుని కూర్చుంటే బొమ్మలో గీత కళ్ల ముందుకొచ్చింది. అప్పుడు ఫోన్ తీసి చదివాను, చదవాల్సిన రోజుకి నెల తర్వాత. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు అటూ ఇటూ ఊగుతుంది. వాల్వు నుంచి కరెంటు తీసుకునేదాంట్లో ఒక కరెంటు ఎప్పుడూ ఒకవైపే పారుతుంటుంది. సందు లేకపోతే ఇనుము ఆ ఒక్కదానితోనే నిండిపోతుంది, ఇంక పాటకి చోటుండదు. ముందుగా పోయేది మృదంగం గుమగుమే. నేను బిగించిన ప్రతి రేకూ ఆ మనిషి చెవి మీద నింద వేసింది.

ఓనరుగారికి చెప్పాను. "వెళ్లమ్మా, ముందు వెళ్లు" అన్నారు. పనిముట్ల సంచీ, ఇన్సులేషన్ కాగితం ఒక చుట్ట పట్టుకుని ఆటో ఎక్కాను. దారిపొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను గానీ, గుమ్మంలో ఆయన్ని చూడగానే అంతా మర్చిపోయాను.

"అన్నయ్యగారూ, కాగితం నేను పెట్టలేదు. బొమ్మలో ఉంది, చూశాను, కావాలనే పెట్టలేదు. తప్పు నాది, మీ చెవిది కాదు" అనేశాను.

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బావుండేది.

"అంటే చెవి ఇంకా ఉందన్నమాట" అన్నారు. తర్వాత లోపలికి తిరిగి గట్టిగా, "ఏమేవ్, చెవి ఉందంట!" అని కేకేశారు. వదినగారు గరిటెతో సహా బయటికొచ్చారు. ఆ మొహంలో అంత సంతోషం చూసి నేను ఇంకా కుంగిపోయాను.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. వార్నిష్ పోసి కాల్చిన రేకులు ఊడదీయడమంటే గోడలోంచి ఇటుక పీకడమే. చుట్టూ వెంట్రుకంత తీగ. ఒక్క రేకు జారి దానికి గీసుకుంటే మళ్లీ మూడువేల చుట్లు చుట్టాలి, అంత వ్యవధి లేదు. వదినగారి అట్ల పెనం సన్నటి మంట మీద పెట్టి, దానిమీద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వేడిచేశాం. వార్నిష్ మెత్తబడగానే, అరగదీసిన హాక్సా బ్లేడుతో మొదటి రేకు కిందకి దారి చేసుకున్నాను. అది రావడానికే అరగంట పట్టింది. రెండోదానికి పావుగంట. అన్నయ్యగారు పక్కన కూర్చుని, వచ్చిన ప్రతి రేకునీ గుడ్డతో తుడిచి వరసగా పేర్చారు. తొందరపెట్టలేదు, గడియారం చూడలేదు. రేపు కాక ఎల్లుండి అంత పెద్ద ఆపరేషన్‌కి వెళ్లే మనిషి, ఆ రేకుల అంచులు సరిచేస్తూ కూనిరాగం తీస్తున్నారు. అలాంటి ఓపిక నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు.

మధ్యాహ్నానికి ఒక ట్రాన్స్‌ఫార్మర్ పని అయింది. రెండోదాంట్లో సగం రేకులు వచ్చాక పైకి వచ్చే తీగ కొన పుటుక్కున తెగింది. భూతద్దం పెట్టి టేపు పొర ఒకటి విప్పితే, అదృష్టం, పై చుట్టులోనే దొరికింది. ఆయనే అతికిపెట్టారు.

అన్నీ అయ్యాక, రేకుల మధ్య ఒక్క పొర కాగితం. అంతే. గోటితో తడిమితే తెలియనంత మందం. బిగించాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి నా చేత్తో నేను సందు వదిలాను.

సాయంత్రం అయిదు కావస్తుండగా స్విచ్ వేశారు. వాల్వులు వెలిగాయి. అదే కచేరీ పెట్టారు. మృదంగం మీద మొదటి దెబ్బ పడగానే నా కాళ్ల కింద గచ్చు కదిలినట్టయింది. ఎడమ పెట్టెలోంచి కాదు, పెట్టె లేదు అక్కడ, ఎవరో మనిషి మఠం వేసుకుని కూర్చుని వాయిస్తున్నాడు. కుడివైపు వయొలిన్. రెండు పెట్టెల నడుమ ఏమీ లేని గోడ దగ్గర, గాలిలో, ఒకావిడ గొంతు. ఊపిరి తీసుకోవడం వినపడింది. నేను చుట్టిన తీగ చప్పుడు చెయ్యకపోతే చాలని బతికినదాన్ని నేను. ఆ తీగ ఇలా పాడగలదని ఇన్నేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదు. ఏడ్చేశాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆయన ఏడవలేదు. ముందుకి వంగి, యాంప్లిఫయర్ మీద కుడివైపు వాల్యూమ్ ఒక్కటే కొంచెం పెంచారు. మళ్లీ కూర్చుని విన్నారు. ఇంకొంచెం పెంచారు.

"అటు ఎక్కువైందండీ. ఆవిడ వయొలిన్ పక్కకి వెళ్లిపోయింది" అన్నారు వదినగారు.

"మీకు వెళ్లింది. నాకు ఇప్పుడే మధ్యలోకి వచ్చింది" అన్నారాయన, కళ్లు మూసుకునే.

ఆ చెవిలో అప్పటికే ఎంత తగ్గిందో ఆ వాల్యూమ్ బొత్తాం ఎంత తిరిగిందో దాన్ని బట్టి నాకు తెలిసింది. కచేరీ పూర్తయ్యేదాకా ఆయన కదల్లేదు. ఆదివారం కూడా రోజంతా విన్నారట. సోమవారం వెళ్లి ఆస్పత్రిలో చేరారు.

కాయ మొత్తం తీసేశారు. చెవి పోయింది. నెల రోజుల తర్వాత చూడ్డానికి వెళ్లాను. మనిషి చిక్కారు, నడుస్తుంటే కాస్త తూలుతున్నారు, మాట మాత్రం అదే. నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. ఆ కుర్చీలోనే. తను గోడవారగా, పక్కకి, కింద కూర్చున్నారు. యాంప్లిఫయర్ మీద రెండు వాల్యూములూ సమానంగా ఉన్నాయి.

"వచ్చినవాళ్లకి సరిగ్గా వినపడాలి కదా" అన్నారు నా చూపు చూసి, కచేరీ పెడుతూ.

పాట మొదలైంది. కాసేపయ్యాక ఎడమచెవి నా వైపు తిప్పి అడిగారు.

"ఆవిడెక్కడుంది చెల్లెమ్మా?"

"మధ్యలో అన్నయ్యగారూ. సరిగ్గా మధ్యలో."

"వయొలినో?"

"కుడివైపు."

"కుడివైపంటే, ఎందాకా?"

నేను కళ్లు మూసుకుని విని, మళ్లీ తెరిచి చూశాను. "కిటికీ రెక్క దగ్గర" అన్నాను.

ఆయన తలూపారు. పాట అయ్యేదాకా ఆ కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు.